అర మాత్ర

మూడు దాటి పది నిమిషాలయింది, మామ్మగారు ఇంకా లేవలేదు. లేవలేదని కంగారుపడడం కూడా తప్పేమో, రెండింటికి పడుకున్న తొంభై ఒక్కేళ్ల మనిషి మూడింటికల్లా లేచి కూర్చోవాలని ఎవరన్నారు, ఈ వేళప్పుడు థెస్సలొనీకి ఊరంతా తలుపులు బిగించుకుని పడుకునే ఉంటుంది, మెట్ల మీద అడుగు చప్పుడు లేదు, పై అంతస్తువాళ్ల కుళాయి మోగడం లేదు, ఉన్నదల్లా పొద్దుటినుంచీ ఉత్తరాన్నుంచి వీస్తున్న వర్దారి గాలి, కిటికీ చెక్కల్ని పట్టుకుని లోపలికి రానివ్వమన్నట్టు ఊపుతోంది. లమారా కుర్చీని మంచానికి ఇంకా దగ్గరగా లాక్కుంది. మామ్మగారి మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి గోడ గడియారం వైపు చూసింది. క్షణాల ముల్లు ఒక చుట్టు తిరిగేసరికి నలభై నాలుగు. గాలి చప్పుడుకి లెక్క తప్పి ఉంటుంది. మళ్లీ పట్టుకుంది. నలభై మూడు. నాలుగేళ్లుగా రోజూ పొద్దున్నా సాయంత్రమూ పట్టుకుంటున్న నాడి ఇది, అరవై రెండు, అరవై నాలుగు, జ్వరం వచ్చినప్పుడు ఎనభై, నలభైలలోకి ఎన్నడూ దిగలేదు. రెండు దెబ్బల మధ్య ఉన్న ఖాళీలో లమారా తన గుండె చప్పుడు తాను వింటోంది, అది మాత్రం పరిగెడుతోంది, ఇద్దరిదీ కలిపి సగం చేస్తే సరిపోయేలా ఉంది. సగం. ఆ మాట తలలోకి రాకూడదనే గంటనుంచీ చూస్తోంది, వచ్చేసింది.

మధ్యాహ్నం ఏం జరిగిందో వరసగా గుర్తు తెచ్చుకోవాలి. తొందరపడకుండా, ఒక్కొక్కటీ. పన్నెండున్నరకి నిమ్మరసం పిండిన కోడి చారు తాగించింది. మూతి తుడిచింది. వారాల పేర్లున్న డబ్బాలోంచి గురువారం మాత్రలు ఇచ్చింది, అవి సరే, ఆ గడి ఖాళీగా ఉంది, దాంతో పేచీ లేదు. గుండె మాత్ర మాత్రం ఆ డబ్బాలో పెట్టదు, దాన్ని రోజు విడిచి రోజు చిన్న చాకుతో కోయాలి, కొత్త సంవత్సరం వచ్చాక డాక్టరే చెప్పాడు, ఇకనుంచి అరే, ఆవిడ మూత్రపిండాలు మునుపటిలా లేవు, ఎక్కువైందంటే గుండె నెమ్మదిస్తూ నెమ్మదిస్తూ నిద్రలోనే ఆగిపోతుంది, అర్థమైందా లమారా, అరంటే అరే. అర్థమైంది డాక్టరుగారూ. తెల్ల సాసరులో పెట్టి కోసింది, రెండు సగాలు చెరో పక్కకి పడ్డాయి, ఒకటి ఈ రోజుది, రెండోది రేపటికి చిన్న రేకు డబ్బీలో దాచాల్సింది. అప్పుడే ఫోను మోగింది.

ఫోనులో అందరూ ఉన్నారు. నల్ల సముద్రానికి ఆవలి ఒడ్డున, జార్జియాలో, చియాతురా అనే గనుల ఊళ్లో, తను పదకొండేళ్లుగా చూడని వంటింట్లో, తన బల్ల చుట్టూ అందరూ నిలబడి ఉన్నారు. కూతురు ఎలీసో, అల్లుడు, పక్కింటివాళ్లు, ముందు వరసలో మనవరాలు నూత్సా, ముందు పళ్లు రెండూ ఊడిపోయి ఉంది. చేతిలో పళ్లెం, పళ్లెంలో జున్ను రొట్టె, రొట్టె మధ్యలో ఒక కొవ్వొత్తి గుచ్చారు. "అమ్మమ్మా, నువ్వు అక్కణ్నించి ఊదు, నేను ఇక్కడ ఆర్పుతా," అంది నూత్సా. లమారా ఊదింది. కొవ్వొత్తి ఆరలేదు. "గట్టిగా ఊదు అమ్మమ్మా, సముద్రం ఉంది కదా మధ్యలో." అందరూ నవ్వారు. మళ్లీ ఊదింది, ఈసారి పిల్ల పక్కకి తిరిగి ఎవరూ చూడనట్టు ఊదేసింది. "చూశావా, ఆరింది. నీకు యాభై ఎనిమిదేళ్లు." అల్లుడు గ్లాసు ఎత్తాడు. "గ్లాసు లేకుండా ఎలా అమ్మా, ఊరికే చూస్తూ కూర్చుంటావా, నీ కోసం కదా తాగుతున్నాం," అంది ఎలీసో. సాయంత్రం స్నేహితురాళ్లు వస్తారని దాచిన వైను సీసా అలమరాలో ఉంది. టీ గ్లాసులో పోసుకుంది. ఒకటి దూరంగా ఉన్నవాళ్ల పేరు మీద, ఒకటి పోయినవాళ్ల పేరు మీద. రెండు గ్లాసులు. పొద్దున ఒక బిస్కట్టు తప్ప ఏమీ తినలేదు. వాళ్లు పాడుతున్నప్పుడు, అల్లుడి కింది గొంతు, ఎలీసో పై గొంతు, ఆ రెంటి మధ్య తనకని ఖాళీగా వదిలిన మధ్య గొంతు, అది ఎవరూ అందుకోకుండా అలాగే ఖాళీగా పాడుతున్నప్పుడు, తను వంటింటి గట్టు పట్టుకుని నిలబడి ఉంది, అది గుర్తుంది, చెయ్యి తడిగా ఉందని గుర్తుంది. ఆ తర్వాతే తెలియడం లేదు.

మామ్మగారు నాలుక బయటపెట్టడం గుర్తుంది. మెడకి తువ్వాలు కట్టి ఉంది, బల్ల దగ్గర కూర్చుని ఉంది, నాలుక బయటపెట్టింది, లమారా దాని మీద అర ముక్క పెట్టింది, నీళ్లు ఇచ్చింది. అది ఫోను మోగకముందు. కాదు, మోగుతూ ఉండగా. అది ఒకటి. ఇంకొకటి కూడా గుర్తుంది, మంచం మీద, కళ్లద్దాలు తీసేసి, దిండు సర్దాక, మళ్లీ నాలుక బయటపెట్టింది, లమారా వేళ్లకి ఆ నాలుక గరుకు తగిలింది. ఇది నిన్నటిదేమో. మొన్నటిదేమో. నాలుగేళ్లలో ఆ నాలుక ఎన్ని వేలసార్లు చూసిందో, ఏ రోజుది ఏ రోజో ఎలా చెప్పడం. కానీ సాసరు ఖాళీగా ఉంది. రేకు డబ్బీ కూడా ఖాళీగానే ఉంది. గంట కిందట మోకాళ్ల మీద కూర్చుని వంటిల్లంతా వెతికింది, బల్ల కింద, పొయ్యి వెనక, చెత్తబుట్ట నేల మీద గుమ్మరించి, చారులోంచి తీసేసిన క్యారట్ ముక్కల మధ్య, నిమ్మ తొక్కల మధ్య వేళ్లతో కెలికి వెతికింది, కొత్త లంగా మోకాళ్ల దగ్గర తడిసిపోయింది, ఈ రోజుకని కొనుక్కున్న లంగా. రొట్టె తునకలు దొరికాయి. ఒక బొత్తాం దొరికింది. అర మాత్ర దొరకలేదు.

"మామ్మగారూ." లేదు. "మామ్మగారూ, కేకు కోద్దామన్నారు కదా, లేవండి." పొద్దున ఎంత హుషారుగా ఉంది. దిండుకానుకుని కూర్చుని, జుట్టు దువ్వించుకుంటూ, ఏటా ఆడే వేళాకోళమే మళ్లీ ఆడింది. "ఏమే పిల్లా, ఇవాళ నీ పుట్టినరోజట. పుట్టినరోజు చిన్నపిల్లలకి చేస్తారే, పెద్దవాళ్లకి వాళ్ల పేరున్న సెయింటు పండగే పండగ. నీ పేరుతో ఒక్క సెయింటైనా ఉన్నాడా? నేను పూజారిని అడిగాను, లమారా అని ఎవరూ లేరన్నాడు. రేపు పైకి పోయాక నీ తరఫున ఒక్క మాట చెప్పేవాళ్లుండరు." "మీరుంటారు కదా మామ్మగారూ, మీరు చెప్పరా?" "నేను ముందు పోతానని నీకంత నమ్మకమేమిటే?" అని నవ్వి, ఆ నవ్వు దగ్గులోకి దిగి, దగ్గులోంచే "బాదం కేకు తెప్పించు, బాదం లేకపోతే నేను కొవ్వొత్తి కూడా ఊదను," అంది. ముప్పై ఏళ్లు టెలిఫోను ఎక్స్చేంజిలో కూర్చున్న మనిషి, ఈ ఊరి పెళ్లిళ్లూ తగాదాలూ చావు కబుర్లూ అన్నీ ఆవిడ చెవుల మీదుగానే పోయాయట, ఎవరి మాటా ఎవరికీ చెప్పలేదట, చెప్పి ఉంటే ఈ వీధిలో సగం ఇళ్లు నిలబడేవి కావని అంటుంది. పాతవన్నీ పొల్లుపోకుండా గుర్తే. అరగంట కిందట మాత్ర వేసుకున్నారా అని అడిగితే మాత్రం గోడ వైపు చూస్తుంది.

లమారా భుజం పట్టుకుని కుదిపింది, మొదట మెల్లగా, తర్వాత కొంచెం గట్టిగా. కనురెప్పలు సగం తెరుచుకున్నాయి, వాటి కింద కళ్లు ఎటో చూస్తున్నాయి. "లైను ఖాళీ లేదండీ," అంది మామ్మగారు, గొంతు మర్యాదగా, పడుచుగా, లమారా ఎన్నడూ వినని గొంతు. "పెట్టెయ్యకండి. ఉండండి. కలుపుతున్నా." కళ్లు మూసుకున్నాయి. లమారా మంచం మీదికి ఒంగింది. నాడి మళ్లీ పట్టుకుంది. నలభై రెండు.

అంబులెన్సుకి ఫోను చెయ్యాలి. అంతే కదా, అందులో ఆలోచించడానికేముంది, ఎవరైనా చేస్తారు. చేస్తే వస్తారు. వచ్చి అడుగుతారు, ఏమిచ్చావు, ఎంతిచ్చావు, ఎప్పుడిచ్చావు, నోట్లోంచి ఆ వాసనేమిటి. నువ్వెవరు. నీ కాగితాలేవి. ఇక్కడ ఉండనిచ్చే కాగితాలు వస్తున్నాయి, పదకొండేళ్ల తర్వాత మొదటిసారి వస్తున్నాయి, పోయిన నెల వేలిముద్రలు ఇచ్చి వచ్చింది, వచ్చే నెల చెబుతామన్నారు, అవి చేతికొస్తే ఊరెళ్లి మళ్లీ రావచ్చు, నూత్సాని ముట్టుకోవచ్చు. ఏడేళ్ల పిల్ల, పుట్టిన దగ్గర్నుంచి ఫోను అద్దం వెనకే ఉంది. ఒకసారి ఫోనులో అడిగింది, అమ్మమ్మా నీకు కాళ్లున్నాయా, ఎప్పుడూ నీ మొహమే కనిపిస్తుందేమిటి అని. ఫోనుని గోడకి ఆనించి, వెనక్కి వెనక్కి నడిచి, కాళ్లు చూపించింది. ఇప్పుడు ఎవరో ఒక కాగితం మీద ఒక్క వాక్యం రాస్తారు, ముసలావిడకి మందు ఎక్కువ ఇచ్చింది, తాగి ఉంది, అని, ఆ వాక్యం వెళ్లి తన వేలిముద్రల పక్కన కూర్చుంటుంది. ఎవరు చేస్తారా ఫోను.

చేసింది, కానీ అంబులెన్సుకి కాదు, సిసానాకి. ఇద్దరిదీ ఒకే కొండ, ఒకే బడి, ఇక్కడ రెండు వీధుల అవతల ఒక పెద్దాయన్ని చూసుకుంటుంది, సాయంత్రం అక్రోట్ల ముద్ద పెట్టిన వంకాయలు తెస్తానంది. అంతా వింది. సిసానా అడ్డు రాకుండా వినడం అదే మొదటిసారి.

"ఊపిరి ఆడుతోందా?"

"ఆడుతోంది. నెమ్మదిగా."

"అయితే చెప్పేది విను. సంచి సర్దు. మా ఇంటికొచ్చెయ్. సాయంత్రం ఆవిడ కూతురు స్టమతియాకి నేను ఫోను చేసి, లమారాకి జ్వరం వచ్చింది, మామ్మగారు ఒక్కరే ఉన్నారు, ఒకసారి ఎవర్నైనా పంపండి అంటాను. తొంభై ఒక్కేళ్లు లమారా. ఎవరూ అడగరు."

"సాయంత్రమా?"

"నీకు నూత్సా వద్దా?"

"సిసానా, ఆవిడ బతికే ఉంది."

"నాకు తెలుసు," అంది సిసానా. ఆ గొంతు ఏడుస్తోందని లమారాకి అప్పుడు తెలిసింది. "నాకు తెలుసే. నేను మాత్రం రాక్షసినా. నిన్ను తీసుకుపోతారు, అదొక్కటే కనిపిస్తోంది నాకు."

సిసానాకి తెలియనిది ఒకటుంది, ఎవరికీ తెలియనిది. లమారా ఇలా ఒకసారి వెళ్లిపోయింది. కవాలా ఊళ్లో, ఏడేళ్ల కిందట, కిర్యాకోస్ అనే పెద్దాయన ఇంట్లో ఉండేది. ఒక పొద్దున కాఫీ పట్టుకెళ్తే ఆయన కుర్చీలో కూర్చుని కిటికీలోంచి ఓడల వైపు చూస్తున్నాడు, కాఫీ పక్కన పెట్టి, గాలి వస్తోంది తలుపు వెయ్యనా అని కూడా అడిగింది, జవాబు లేకపోతే దగ్గరికి వెళ్లి చూసింది. ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి. కొడుక్కి ఫోను చేస్తే అతను నాన్న ఎలా పోయాడని అడగలేదు, "నువ్వేమిచ్చావు?" అన్నాడు. ఏమీ ఇవ్వలేదు, కాఫీ కూడా తాగలేదు ఆయన. "కదలకు, పోలీసుల్ని తీసుకుని వస్తున్నా," అన్నాడు. తను కదిలింది. సంచి భుజాన వేసుకుని వెనక మెట్ల మీదుగా దిగి, చేపల బజారులో కలిసిపోయి, మొదట కనిపించిన బస్సెక్కింది. ఆ కళ్లు మూసి రాలేదు. రెండు వేళ్లు చాలు, ఒక్క క్షణం పని, వాకిట్లోంచి వెనక్కి వెళ్లడానికి భయపడి మూయలేదు. ఇప్పటికీ ఏదో పనిలో ఉండగా, గిన్నె తోముతూనో బట్టలు ఆరేస్తూనో, ఆ కళ్లు ఓడల వైపు కాకుండా తన వైపు తిరుగుతున్నట్టు ఉంటుంది. అప్పుడు తను ఏ తప్పూ చెయ్యలేదు. చెయ్యకుండానే పారిపోయింది. ఇప్పుడు చేసింది, చేసిందేమో, అయితే ఇంకెంత దూరం పారిపోవాలి.

గాలి ఒక్కసారి ఎక్కువైంది, పై కప్పు మీద రేకేదో లేచి పడింది, మంచం కదిలినట్టనిపించింది, మంచం కదల్లేదు, తనే ఊగుతోంది. చియాతురాలో లోయ మీదుగా తీగలకి వేలాడే పెట్టె ఒకటుండేది, గనిలో పనివాళ్లు దాంట్లోనే కొండ మీదికి పోయేవారు, తొమ్మిదో పుట్టినరోజుకి అమ్మ తనని దాంట్లో నాన్న దగ్గరికి తీసుకెళ్తూంటే సరిగ్గా నది మీద ఆగిపోయింది. కరెంటు పోయింది. కింద నది, నల్లటి గని బూడిద కలిసిన నది, పైన రెండు తీగలు. ఇలాంటి గాలే. అమ్మ కిటికీలోంచి వేలు చూపిస్తూ కథలు చెబుతూనే ఉంది, అదిగో ఆ ఇంట్లో మేక మేడెక్కింది, అదిగో ఆ ముసలాయన మొగుడూ పెళ్లాల తగాదా తీరుస్తున్నాడు, తను నవ్వుతూనే ఉంది, అమ్మకి అసలు భయమే లేదనుకుంది. గంట తర్వాత పైకి చేరాక చూసుకుంటే తన మణికట్టు మీద అమ్మ గోళ్లు దిగిన నాలుగు గాట్లు, రక్తం చిప్పిల్లి ఉన్నాయి. అమ్మ వాటిని చూసి, ఎక్కడ గీరుకున్నావే, అంది. లమారా ఉలిక్కిపడి తన చేతి వైపు చూసుకుంది. మామ్మగారి మణికట్టుని తను ఎంత గట్టిగా పట్టుకుందంటే అక్కడ చర్మం తెల్లబడిపోయింది. వదిలేసింది. తెల్లటి గుర్తు తెల్లగానే ఉంది, రక్తం మళ్లీ రావడానికి చాలాసేపు పట్టింది.

మూడు ముప్పై ఐదుకి బూట్లు వేసుకుంది. తనని తాను దూరం నుంచి చూస్తున్నట్టుంది, ఈ మనిషి కోటు వేసుకుంటోంది, ఈ మనిషి మంచం కింది సంచి లాగుతోంది, లోపల ఏముందో చూడడం లేదు, పాసుపోర్టు రవికెలో పెట్టుకుంటోంది. మెట్లు దిగితే వీధి, రెండు వీధులు దాటితే సిసానా ఉండే ఇల్లు. తలుపు తాళం రెండుసార్లు తిప్పింది. ఇంకొక్కసారి తిప్పితే తెరుచుకుంటుంది. మామ్మగారి గది తలుపు సందులోంచి మంచం చివర కనిపిస్తోంది, దుప్పటి తొలగి ఒక పాదం బయటికొచ్చి ఉంది. మేజోడు జారిపోయి ఉంది. ఆ పాదం చల్లబడితే ఆవిడకి రాత్రంతా నొప్పి, కప్పి వెళ్దాం, ఎంతసేపు, అని వెనక్కి వచ్చింది, అంతే అనుకుంది, ఇంకేమీ అనుకోలేదు. మేజోడు సర్దుతుంటే పాదం మంచులా తగిలింది, గోళ్లు నీలంగా ఉన్నాయి. ఈ గోళ్లు పోయిన ఆదివారం తనే తీసింది, మామ్మగారు కితకితలని గోల చేసింది. లమారా పాదాన్ని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. కోటులోనే, బూట్లతోనే, నేల మీద కూలబడింది. కోటు జేబులోంచి ఫోను తీసి అంబులెన్సు అంకెలు నొక్కింది.

అవతలి గొంతు తొందరలో ఉంది, చిరునామా, అంతస్తు, వయసు. "ఏమైంది?" "గుండె మాత్ర అర ఇవ్వాలి, నేను పూర్తిగా ఇచ్చాను. ఇచ్చానేమో. లేవడం లేదు." "మీరెవరు?" "నేను ఆవిడ దగ్గర ఉంటాను," అంది. అవతల ఏదో టైపు చేసిన చప్పుడు.

ఆ తర్వాత మామ్మగారి కూతురు స్టమతియాకి చేసింది, రెండు గంటల దూరంలో లారిసాలో ఉంటుంది, బడిలో లెక్కల టీచరుగా చేసి మానేసింది, తన అమ్మతో కూడా పరీక్ష పెట్టినట్టే మాట్లాడుతుంది. లమారా చెప్పాల్సింది చెప్పేసింది, వైను సంగతి కూడా, ఎందుకో అది దాచాలనిపించలేదు, దాస్తే మిగతాదంతా అబద్ధమైపోతుందనిపించింది.

"తాగావా?" అంది స్టమతియా.

"రెండు గ్లాసులు."

"మా అమ్మకి మందులిచ్చే చేత్తో."

"అవునండీ."

"ఇప్పుడెలా ఉంది?"

"నాడి నలభై ఒకటి. నోట్లో ఏదో మాట్లాడుతోంది. అంబులెన్సు వస్తోంది."

"నేను బయల్దేరుతున్నా. రెండు గంటలు పడుతుంది." గాలి పీల్చిన చప్పుడు. ఆ తర్వాత గొంతులో ఆ పరీక్ష పెట్టే పదును లేదు. "లమారా, నేను వచ్చేదాకా నువ్వు ఉంటావా? నిజం చెప్పు. వెళ్లిపోయేదానివైతే ఇప్పుడే చెప్పు, పక్కింటివాళ్లని పిలుస్తా."

లమారా తన కాళ్లకున్న బూట్ల వైపు చూసింది. "ఉంటానండీ," అంది.

ఆ తర్వాతివి అన్నీ వేగంగా జరిగాయి, లమారాకి ముక్కలుముక్కలుగానే గుర్తున్నాయి. ఇద్దరు కుర్రవాళ్లు ఎర్ర కోట్లలో, వాళ్ల బూట్ల చప్పుడు హాలంతా, ఒకడు "ఏం తాగించావమ్మా ఆవిడకి?" అన్నప్పుడు కవాలా కొడుకు గొంతే విన్నట్టవడం, మాత్రల రేకు అతని చేతిలో పెట్టడం, లిఫ్టులో స్ట్రెచరు పట్టక మామ్మగారిని కుర్చీకి కట్టి నాలుగు అంతస్తులూ మోసుకుంటూ దింపడం, ప్రతి అంతస్తులోనూ ఒక్కో తలుపు సందు చేసుకుని ఒక్కో కన్ను, రెండో అంతస్తు ఆవిడ ముఖం మీద శిలువ గీసుకుని "పోయిందా?" అని అడగడం. "పోలేదు," అంది లమారా. అంత గట్టిగా ఆ మెట్ల మీద తను ఎప్పుడూ మాట్లాడలేదు, పక్కన గోడకి ఒదిగి దిగేది ఎప్పుడూ. వీధిలోకి రాగానే గాలి దుప్పటి లాక్కుపోబోయింది, దాన్ని మామ్మగారి గడ్డం కింద పట్టుకుని అలాగే వాళ్లతోపాటు లోపలికెక్కింది, ఎక్కమని ఎవరూ అనలేదు, వద్దని కూడా అనలేదు.

పెద్దాసుపత్రిలో ఆవిణ్ని రెండు రెక్కల తలుపు లోపలికి తోసుకుపోయారు. లమారా బల్ల మీద కూర్చుంది. ఎదురుగా నీలం చొక్కా గార్డు ఒకడు అటూ ఇటూ నడుస్తున్నాడు, అతను తన దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ఊపిరి బిగబట్టింది, దాటిపోయాక వదిలింది. సిసానా ఏడుసార్లు ఫోను చేసింది, ఎత్తలేదు. నూత్సా నుంచి ఒక బొమ్మ వచ్చింది, పిల్ల గీసిన బొమ్మ, గుండ్రటి తల, ఆ తల కింద చాలా పొడుగు కాళ్లు. చూసి ఫోను బోర్లా పెట్టేసింది. ఇప్పుడు ఆ కాళ్లని చూడలేకపోయింది. మామ్మగారు పోతే ఏం చెప్పాలో ఆలోచించడానికి ప్రయత్నించింది, ఏ మాటా రాలేదు, పొద్దుటి మాటే వచ్చింది, నేను ముందు పోతానని నీకంత నమ్మకమేమిటే. గార్డు మళ్లీ వచ్చాడు. మళ్లీ దాటిపోయాడు. ఎంతసేపయిందో తెలియదు, కిటికీలో వెలుగు తగ్గలేదు కాబట్టి ఎక్కువసేపయి ఉండదు.

డాక్టరమ్మ బయటికొచ్చి పేరు పిలవకుండానే నేరుగా లమారా దగ్గరికొచ్చింది. కళ్ల కింద నల్లగా ఉంది, ఆవిడ కూడా నిద్రపోయి ఎన్నాళ్లయిందో. "రక్తంలో ఎక్కువే ఉంది మందు. పూర్తి మాత్రే వెళ్లింది," అంది. లమారా తల ఊపింది. ఇంతసేపూ కావచ్చు, కాకపోవచ్చు అనుకున్నది ఇప్పుడు అయింది. "విరుగుడు ఇచ్చాం. గుండె యాభై రెండుకి వచ్చింది. రెండు రోజులు ఉంచాలి. సాయంత్రందాకా నిద్రపోతోంది కదా అని వదిలేసి ఉంటే మాత్రం నేను ఇప్పుడు వేరే మాట చెప్పేదాన్ని." అది తిట్టో మెప్పో లమారాకి తెలియలేదు. "చూడొచ్చా?" "కాసేపాగి. ముందు నర్సు దగ్గర వివరాలు రాయించు. మందు ఎవరిచ్చారో రాయాలి."

నర్సు గాజు గదిలో కూర్చుని ఉంది, ముప్పై దాటి ఉంటాయి, జుట్టు పెన్సిలుతో ముడేసుకుంది. ముందు కాగితం పెట్టుకుంది. లమారాకి ఆ కాగితంలోని గీతలు తప్ప ఇంకేమీ కనిపించడం లేదు, ఒక్కొక్క గీత ఒక్కొక్క ఖాళీ, దాంట్లో తను వెళ్లి కూర్చోవాలి, ఒకసారి కూర్చున్నాక ఎవరూ లేపరు. గార్డు గుమ్మంలో నిలబడి ఉన్నాడు, ఊరికే నిలబడ్డాడో తన కోసం నిలబడ్డాడో. ఇప్పుడైనా మరుగుదొడ్డి ఎక్కడని అడిగి లేవచ్చు. లేవలేదు.

"మందు నువ్వే ఇచ్చావా?"

"నేనే."

"ఎలా ఎక్కువైంది?"

"ఒకసారి ఇచ్చాను. ఫోను వచ్చింది. మళ్లీ ఇచ్చాను. వైను తాగి ఉన్నాను."

నర్సు తలెత్తి ఒకసారి చూసి, రాసుకుంది. అంతా రాసింది. వైను అన్న మాట లమారా తలకిందులుగా కూడా గుర్తుపట్టింది.

"ఆవిడకి నువ్వేమవుతావు?"

"ఏమీ కాను. నాలుగేళ్లుగా చూసుకుంటున్నాను."

"చూసుకునే మనిషి," అంటూ రాసుకుంది నర్సు. "పేరు?" చెప్పింది. "ఇంటిపేరు?" చెప్పింది. "పుట్టిన తేదీ?"

లమారా చెప్పింది. రోజు, నెల, సంవత్సరం. కలం రోజు రాసింది, నెల రాసింది, సంవత్సరం దగ్గర ఆగింది. నర్సు కళ్లు కాగితం పై అంచుకి వెళ్లాయి, అక్కడ ఇందాక తనే రాసుకున్న ఇవాళ్టి తేదీ ఉంది. మళ్లీ కిందికి వచ్చాయి. లోపల ఎక్కడో యంత్రం ఒకటి ఆగి ఆగి కూస్తోంది. నర్సు సంవత్సరం కూడా పూర్తి చేసింది. తలెత్తలేదు, నవ్వలేదు, రక్తపోటు చెప్పినట్టు చెప్పింది. "నూరేళ్లు బతకండి."

లమారాకి ధన్యవాదాలన్న మాట ఈ భాషలో ఏమిటో ఒక్క నిమిషం గుర్తు రాలేదు.

"ఇంటిపేరు ఇంకోసారి చెప్తారా, అక్షరం అక్షరం," అంది నర్సు. "మీ ఇంటిపేర్లు నాకు ఎప్పుడూ తప్పు పోతాయి."

చుబినిడ్జె. పదకొండేళ్లుగా ఎవరెలా రాసుకున్నా ఊరుకుంది, తప్పుగా రాసినప్పుడల్లా లోపల హాయిగా ఉండేది, అలాంటి మనిషి ఎక్కడా లేదు కదా అని. ఇప్పుడు నర్సు కలం కదలడం చూస్తోంది. మధ్యలో ఒక అక్షరం తప్పు పడింది. గార్డు గుమ్మంలో కాలు మార్చి నిలబడ్డాడు. లమారా చేతులు ఒళ్లో ఒకదాని కింద ఒకటి దాచుకుంది.

"అది కాదండీ," అంది. "అక్కడ బి రావాలి."

నర్సు కొట్టేసి మళ్లీ రాసింది. కాగితం ఇటు తిప్పి ముందుకు జరిపింది. "ఇప్పుడు సరిగ్గా ఉందా చూడండి."

లమారా కళ్లద్దాలు తెచ్చుకోలేదు. కాగితాన్ని ముఖం దగ్గరగా పట్టుకుని, పై గీతనుంచి కింది గీతదాకా, ఒక్కొక్క అక్షరమే చదివింది. "ఉంది," అంది.